నిచ్చెన పాదం: ఆలోచన నుంచి లైసెన్స్ ఒప్పందం దాకా ఒక కేస్ స్టడీ

పేటెంట్ వృత్తిలో ఉన్నవారి దగ్గరికి వచ్చే ఆవిష్కర్తల్లో చాలామంది మొదట అడిగేది "దీనికి పేటెంట్ వస్తుందా?" అని. ఆ ప్రశ్న సహజమే గానీ, దానికి వచ్చే జవాబు ఒక్కటే ఉత్పత్తి భవిష్యత్తును తేల్చదు. వచ్చే పేటెంటు సరిగ్గా ఏ భాగాన్ని కాపాడుతుంది, కొనేవారు డబ్బు పెట్టేది ఆ భాగం కోసమేనా, పోటీదారు ఆ భాగాన్ని వదిలేసి అదే పని చేసే వస్తువును అమ్మగలడా అన్నవి తేలితే తప్ప పేటెంటు విలువ ఎంతో తెలియదు. ఇక్కడ వివరిస్తున్న కేసును ఎంచుకోవడానికి కారణం అదే. ఆవిష్కర్త మొదట తెచ్చిన ఆలోచనకూ, చివరికి పేటెంటు పొంది మార్కెట్‌లోకి వెళ్లిన వస్తువుకూ పోలిక ఉంది, కానీ రెండూ ఒకటి కావు. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆయనను గుర్తుపట్టగలిగే వివరాలన్నీ తీసేశాను.

తెచ్చిన ఆలోచన, వెతికితే దొరికినవి

ఆవిష్కర్త భవనాల బయటి గోడలకు రంగులు వేయించే పనిలో ఏళ్ల తరబడి ఉన్నారు. గోడకు వాల్చిన నిచ్చెన నిలవాలంటే దాని రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఆనాలి. నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట పనివాళ్లు ఒక కాలి కింద ఇటుక ముక్కో చెక్క ముక్కో దూర్చి పైకెక్కుతారు. అది జరిగిపోతే మనిషి పడిపోతాడు. సర్దుబాటు చేసుకునే కాళ్లున్న నిచ్చెనలు ఆయన కొనిపెట్టినా పనివాళ్లు వాటి మీటలు తిప్పేవారు కాదు. అందుకని ఆయన నిచ్చెన నిలువు కమ్మీ లోపల జారే అదనపు కాలు ఒకటి ఊహించారు. నిచ్చెనను నిలబెట్టగానే ఆ కాలు తన బరువుతోనే నేల తగిలేదాకా కిందికి జారుతుంది. మనిషి మొదటి మెట్టు మీద అడుగు పెట్టగానే, ఆ బరువుకే లోపల ఉన్న ఉక్కు నాలుక పళ్ల పట్టీలోకి దిగి బిగుసుకుంటుంది. నిచ్చెనను పైకెత్తగానే స్ప్రింగు నాలుకను వెనక్కి లాగేస్తుంది. పనివాడు వంగనక్కర్లేదు, మీట తిప్పనక్కర్లేదు, మరిచిపోయేందుకు ఏమీ లేదు.

"ఇలాంటిది ఎక్కడా లేదండీ, దొరికిన చోటల్లా వెతికాను" అన్నారాయన. దుకాణాల్లో లేకపోవడం వేరు, ప్రపంచంలో ఎక్కడా వెల్లడి కాకపోవడం వేరు. నవ్యతను నిర్ణయించేది రెండోది. ఎన్నడూ తయారు కాని వస్తువైనా సరే, గడువు తీరిపోయిన ఏదో పాత పేటెంటు పత్రంలో, మనకు రాని భాషలో, ఒక బొమ్మగా ఉంటే చాలు, దాన్ని కొత్తదిగా మళ్లీ క్లెయిమ్ చేయడం కుదరదు. అసలు పత్రమే ఉండనక్కర్లేదు. విండ్‌సర్ఫింగ్ పలక మీద ఉన్న బ్రిటన్ పేటెంటు 1985లో అప్పీలు కోర్టులో చెల్లకుండా పోవడానికి ఒక కారణం, పీటర్ చిల్వర్స్ అనే వ్యక్తి 1958లో, పన్నెండేళ్ల కుర్రవాడిగా, హేలింగ్ ద్వీపం దగ్గర అలాంటి తెరచాప పలకను స్వయంగా చేసుకుని నలుగురూ చూసే చోట నీటి మీద నడపడం. ఆ కుర్రవాడు దాన్ని అమ్మలేదు, దాని గురించి ఎక్కడా రాయలేదు. అయినా అది వెల్లడి కిందే లెక్కకు వచ్చింది.

వెతుకులాటలో మాటల మీదే ఆధారపడటం నేను ఎవరికీ సలహా ఇవ్వను. పేటెంటు రాసేవారు నిచ్చెన కాలిని కాలు అని రాయరు. "ఆధార అంగం" అంటారు, "విస్తరించదగిన మద్దతు" అంటారు. అంతర్జాతీయ పేటెంటు వర్గీకరణలో నిచ్చెనలకు ఈ06సీ (E06C) అనే తరగతి ఉంది. అందులో 7/42 కింద నిచ్చెన పాదాలూ, 7/44 కింద ఎగుడుదిగుడు నేల మీద నిచ్చెనను నిలబెట్టే సాధనాలూ వస్తాయి. పేటెంటు పత్రాలను వెతికే ఎస్పాస్‌నెట్, పేటెంట్‌స్కోప్ సైట్లు రెండూ ఉచితంగా అందుబాటులో ఉన్నవే. ఆ రెండు ఉపవర్గాలను పాత పత్రాల దాకా తిరగేస్తే మర మేకుతో బిగించేవీ, పిన్ను దూర్చేవీ, మీటతో నొక్కేవీ వరుసగా కనబడ్డాయి. వాటి మధ్యలో, బరువు పడగానే బిగుసుకునే నాలుక ఉన్న పత్రాలు కూడా దొరికాయి. పళ్ల పట్టీ, జారే కాలు, బరువుకు దిగే నాలుక, వెనక్కి లాగే స్ప్రింగు అన్న నాలుగు అంశాలను పట్టికగా వేసి ఒక్కో పత్రం ఎదురుగా గుర్తులు పెట్టుకుంటూ పోతే, ఆయన తెచ్చిన ఆలోచన మొత్తం ఒకే పాత పత్రంలో ఉన్నట్టు తేలింది.

ఆయన ముఖం చిన్నబోయింది. ఆ దశలో చాలామంది ఆవిష్కర్తలు రెండింటిలో ఒకటి చేస్తారు: ఆలోచనను వదిలేస్తారు, లేదా "మాది వేరే, రంగు వేరే, కొలత వేరే" అని దరఖాస్తు పెట్టేస్తారు. రెండూ డబ్బు దండగే. నేను ఆయనను అడిగింది వేరు: ఇన్ని పత్రాలున్నా బరువుతో బిగుసుకునే కాలు పని స్థలాల్లో ఎందుకు కనబడటం లేదు? పాత పత్రాలు చేస్తామన్న పనిని నిజంగా చేస్తూ ఉంటే ఈపాటికి ప్రతి నిచ్చెనకూ ఉండాలి. చేయడం లేదంటే అందులో ఎవరూ తీర్చని చిక్కేదో ఉండాలి. పేటెంటు దొరికే చోటు సాధారణంగా అక్కడే ఉంటుంది.

ఆయన అంతకు ముందే, ఆవిష్కరణలను మార్కెట్ చేసిపెడతామనే ఒక సంస్థ దగ్గరికి వెళ్లి వచ్చారు. వాళ్లు ఏ పాత పత్రమూ చూపకుండానే ఆలోచన అద్భుతమన్నారు, ముందస్తు రుసుము అడిగారు. వెతుకులాట ఫలితాన్ని కాగితం మీద పెట్టకుండా పొగిడే వారెవరికైనా రుసుము చెల్లించే ముందు, ఇప్పటిదాకా ఎంతమంది ఆవిష్కర్తలకు చెల్లించిన దానికంటే ఎక్కువ రాబడి వచ్చిందో లిఖితపూర్వకంగా అడగాలి. అమెరికాలో 1999 నాటి చట్టం ప్రకారం ఇలాంటి సంస్థలు ఆ సంగతిని ఒప్పందానికి ముందే రాతలో తెలియజేయాలి. ఆ నియమం లేని చోట కూడా అడిగే హక్కు ఎవరికైనా ఉంటుంది.

బురద దగ్గర బయటపడ్డ చిక్కు

మొదటి నమూనా వర్క్‌షాపు నేల మీద చక్కగా పనిచేసింది. పని స్థలంలో కొన్ని వారాలు వాడాక లోపం బయటపడింది. తడి మట్టి, సిమెంటు, ఎండిన రంగు పళ్ల మధ్య గట్టిపడి సందులను దాదాపు పూడ్చేశాయి. నాలుక పళ్లలోకి పూర్తిగా దిగకుండా, గట్టిపడిన మట్టి మీద ఆనుకుని ఆగిపోయేది. కింద నిలబడి చూస్తే బిగుసుకున్నట్టే ఉండేది. మొదటి మెట్టు ఎక్కినా నిలిచేది. మనిషి పైకి పోయి ఒక పక్కకు ఒరిగి చెయ్యి చాపగానే ఆ కాలి మీద బరువు పెరిగి, నాలుక కింది మట్టి నలిగి, కాలు ఒక పన్ను మేర కిందికి జారేది.

ఒక పన్ను అంటే 12 మిల్లీమీటర్లు. అది చిన్న కొలతలా వినబడుతుంది. నిచ్చెన కాళ్ల మధ్య దూరం 450 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక కాలు 12 మిల్లీమీటర్లు దిగినప్పుడు నిచ్చెన సుమారు ఒకటిన్నర డిగ్రీలు పక్కకు ఒరుగుతుంది. 5 మీటర్ల పొడవున పైకొన దాదాపు 13 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. రెండు చేతులతోనూ పని చేస్తున్న మనిషికి ఆ కుదుపు చాలు. అంతకంటే ప్రమాదకరమైన విషయం, బిగుసుకోని గొళ్లెం బిగుసుకున్నట్టు నమ్మించడం. ఇటుక ముక్క పెట్టుకున్నవాడు కనీసం భయపడుతూ ఎక్కుతాడు.

పరిష్కారం మూడు అంచెలుగా వచ్చింది, మూడూ ఒకే మనిషివి కావు. నమూనాలు చేసిపెడుతున్న వర్క్‌షాపులో మెషినిస్టు ఒకరు పాడైన పట్టీని విప్పి, పళ్ల మధ్య మట్టిని స్క్రూడ్రైవరుతో పెకిలిస్తూ, "దీనికి పళ్లెందుకండీ, ఆరపార కిటికీలు కోసేస్తే మట్టి అవతలికి పోతుంది కదా" అన్నారు. పన్ను అయితే అడుగు మూసి ఉంటుంది, మట్టికి పోయే దారి లేదు. కిటికీ అయితే నాలుక లోపలికి దిగుతూ తన ముందున్న మట్టిని అవతలికి నెట్టేస్తుంది. ఆ మార్పుతో మట్టి చిక్కు చాలావరకు తీరింది, కానీ ఇంకొకటి వచ్చిపడింది. కిటికీల మధ్య మిగిలే లోహపు అడ్డపట్టీ మనిషి బరువు మోయాలి గనుక కిటికీలను దగ్గర దగ్గరగా కోయలేం. అంటే 12 మిల్లీమీటర్ల కంటే సన్నని సర్దుబాటు కుదరదు. దానికి ఆవిష్కర్త ఒకటికి బదులు రెండు నాలుకలు పెట్టి, వాటిని ఒకదాని కంటే ఒకటి సగం దూరం, అంటే 6 మిల్లీమీటర్లు, ఎగువకు జరిపారు. ఒకటి అడ్డపట్టీకి తగిలి ఆగితే రెండోది కిటికీలో దిగుతుంది. కిటికీల దూరం మారకుండానే సర్దుబాటు మెట్టు సగమైంది. అన్నిటికంటే చెడ్డ సందర్భంలో కూడా పైకొన జరిగేది 7 సెంటీమీటర్ల లోపే.

మూడో అంచె నాలుక కొనది. కొనను ఏటవాలుగా చెక్కి, నాలుక నిర్ణీత లోతుకు దిగకపోతే అక్కడ పడే బరువే దాన్ని బయటికి నెట్టేసేలా చేశారు. ఫలితంగా గొళ్లెం పట్టుకుంటే పూర్తిగా పట్టుకుంటుంది, లేకపోతే బొత్తిగా పట్టుకోదు. పట్టుకోనప్పుడు, మనిషి నేల మీద నిలబడి నిచ్చెనను నొక్కినప్పుడే ఆ కాలు దిగిపోతుంది, అంటే ప్రమాదం మనిషి పైకి ఎక్కక ముందే తెలిసిపోతుంది. నా దృష్టిలో ఈ కేసులో అసలైన ఆవిష్కరణ ఇదే. పాత పత్రాల్లో వేటిలోనూ మట్టి ప్రస్తావన లేదు. అవన్నీ శుభ్రమైన నేల మీద, శుభ్రమైన పళ్లతో ఊహించినవి.

ఆవిష్కర్త ఎవరు

ఇక్కడ ఒక సున్నితమైన విషయం తేల్చుకోవాల్సి వచ్చింది. కిటికీల ఆలోచన మెషినిస్టుది. చెప్పిన పని చేసిపెట్టినవారు ఆవిష్కర్త కారు. గీసిచ్చిన బొమ్మ ప్రకారం లోహం కోసినంత మాత్రాన హక్కు రాదు. కానీ క్లెయిమ్‌లో, అంటే పేటెంటు హక్కు హద్దులు గీసే వాక్యంలో, ఉన్న ఒక అంశాన్ని ఊహించినవారు ఆ క్లెయిమ్‌కు ఉమ్మడి ఆవిష్కర్త అవుతారు, అది ఒక్క వాక్యంలో చెప్పిన సలహా అయినా సరే. మన ప్రధాన క్లెయిమ్ ఆ కిటికీల మీదే నిలబడబోతోంది. ఆయన పేరు వదిలేసి దరఖాస్తు పెడితే, తర్వాత ఎవరైనా పోటీదారు ఆ సంగతి పసిగట్టి పేటెంటునే సవాలు చేయవచ్చు. లేదా ఆ మెషినిస్టు దగ్గర నేరుగా లైసెన్స్ తీసుకోవడానికి ప్రయత్నించవచ్చు. ఉమ్మడి యజమానులున్న పేటెంటు విషయంలో ఒకరి సమ్మతి లేకుండా మరొకరు ఏం చేయవచ్చన్నది దేశానికో రకంగా ఉంటుంది. అమెరికాలోనైతే సహయజమాని రెండోవారిని అడగకుండానే ఇతరులకు లైసెన్స్ ఇవ్వగలరు.

ఆవిష్కర్త మొదట కొంచెం ఇబ్బంది పడ్డారు. "కూలి ఇచ్చాను కదా" అన్నారు. కూలి పనికి సరిపోతుంది, ఆలోచనకు హక్కుపత్రం వేరే కావాలి. చివరికి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. మెషినిస్టు పేరు దరఖాస్తులో ఉమ్మడి ఆవిష్కర్తగా చేర్చాం. తన హక్కులను ఆవిష్కర్త పేరిట బదిలీ చేస్తూ ఆయన దరఖాస్తుకు ముందే సంతకం చేశారు. బదులుగా రాబోయే రాయల్టీలో నిర్ణీత వాటా ఆయనకు రాసిచ్చారు. ఈ కాగితం దరఖాస్తుకు ముందు రాసుకుంటే స్నేహపూర్వకమైన మాట, లాభాలు మొదలయ్యాక రాసుకోవాలంటే వ్యాజ్యం.

తేదీని కాపాడుకోవడం

నమూనా పనిచేయగానే దాన్ని వాణిజ్య ప్రదర్శనలో పెట్టాలని ఆవిష్కర్త ఉత్సాహపడ్డారు. దరఖాస్తు దాఖలయ్యేదాకా ఆపాం. దరఖాస్తుకు ముందు ఆవిష్కర్త స్వయంగా చేసిన వెల్లడి కూడా ఆయనకే అడ్డం వస్తుంది. అమెరికాలో, జపాన్‌లో ఒక ఏడాది వెసులుబాటు ఉంది. యూరోపియన్ పేటెంటు ఒడంబడికలో అలాంటి సాధారణ వెసులుబాటు లేదు, నమ్మకద్రోహం వల్ల జరిగిన వెల్లడికీ గుర్తింపు పొందిన అంతర్జాతీయ ప్రదర్శనలకూ మాత్రమే ఆరు నెలల మినహాయింపు ఉంది. పలు దేశాల్లో అమ్మదలచుకున్న వస్తువుకు అన్నిటికంటే కఠినమైన నియమాన్నే పాటించాలి.

అయితే పని స్థలంలో చేసిన పరీక్షల మాటేమిటన్న ప్రశ్న వచ్చింది. ఈ విషయంలో అమెరికా సుప్రీంకోర్టు పాత తీర్పులు రెండింటిని పక్కపక్కన పెట్టి చదవడం ఇప్పటికీ ఉపయోగకరం. ఒక ఆవిష్కర్త 1855లో తాను తయారుచేసిన కార్సెట్ (నడుము బిగించే లోదుస్తు) ఉక్కు బద్దలను తనకు సన్నిహితురాలైన ఒక స్త్రీకి ఇచ్చాడు. ఆమె వాటిని దుస్తుల లోపల, ఎవరికీ కనబడకుండా, ఏళ్ల తరబడి ధరించింది. అతడు 1866లో గానీ దరఖాస్తు పెట్టలేదు. గోప్యత షరతు లేకుండా ఒక్కరికి ఇచ్చినా అది బహిరంగ వినియోగమేనని 1881లో కోర్టు తేల్చింది. అంతకు నాలుగేళ్ల ముందు, 1877లో, అదే కోర్టు శామ్యూల్ నికల్సన్ చెక్కదిమ్మెల రోడ్డు విషయంలో భిన్నంగా తీర్పు చెప్పింది. ఆయన 1848లో బోస్టన్‌లో సుంకం వసూలు చేసే రోడ్డు మీద తన దిమ్మెలను పరిచి, ఆరేళ్లు బండ్లు తిరగనిచ్చి, ఆ తర్వాతే పేటెంటు తీసుకున్నారు. నలుగురూ నడిచే రోడ్డే అయినా అది ప్రయోగమేనని కోర్టు ఒప్పుకుంది. ఆయన తరచూ వెళ్లి, ఆ దిమ్మెలను పరిశీలించి, సుంకం వసూలు చేసే మనిషిని వాటి స్థితిగతులు అడిగి తెలుసుకునేవారని సాక్ష్యం ఉంది. దాచిపెట్టడం కంటే పరీక్ష మీద ఆవిష్కర్త అదుపు, దాని ఉద్దేశం పేటెంటును నిలబెట్టాయన్నమాట.

అన్ని దేశాల చట్టాలూ ప్రయోగానికి ఇంత ఉదారంగా చోటివ్వవు గనుక మేం రెండు జాగ్రత్తలూ తీసుకున్నాం. పరీక్షలు మూసి ఉన్న స్థలాల్లోనే జరిగాయి, వాడినవారందరూ గోప్యత ఒప్పందం మీద సంతకం చేశారు. ఏ రోజు ఏ నేల మీద వాడారు, ఎంత బరువు పడింది, పళ్ల మధ్య ఏం పేరుకుంది, నాలుక ఎంత లోతుకు దిగింది అన్నవి తేదీ వేసిన పుస్తకంలో ఫోటోలతో సహా నమోదయ్యాయి. ఆ పుస్తకం తర్వాత అనుకోని చోట అక్కరకు వచ్చింది.

క్లెయిమ్ రాయడం

పేటెంటు పత్రంలో వివరణ ఎన్ని పేజీలున్నా, హక్కు హద్దులు గీసేది క్లెయిమ్. 1883 నాటి పారిస్ ఒడంబడిక ప్రకారం మొదటి దరఖాస్తు తేదీ నుంచి 12 నెలల్లోగా మిగతా దేశాల్లో పెట్టే దరఖాస్తులకు అదే తేదీ వర్తిస్తుంది. ఆ తేదీకి పత్రంలో లేని అంశానికి మాత్రం ఆ లాభం రాదు. అందువల్ల మొదటి దరఖాస్తు హడావిడిగా రాసిన రెండు పేజీల నోటు కాకూడదు. కిటికీలు, రెండు నాలుకలు, ఏటవాలు కొన అన్నీ, వాటి ప్రత్యామ్నాయాలతో సహా, మొదటి రోజు పత్రంలోనే ఉండేలా చూశాం.

ఆవిష్కర్త రాసుకొచ్చిన ముసాయిదాలో "చుట్ల స్ప్రింగు" అని ఉంది. నమూనాలో ఉన్నది అదే కాబట్టి ఆయన ఉన్నదే రాశారు. ఒక్క మాట ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఎపిలేడీ వ్యాజ్యాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. రోమాలు తీసే ఆ యంత్రం పేటెంటు క్లెయిమ్‌లో చుట్ల స్ప్రింగు అని ఉంది. రెమింగ్టన్ సంస్థ దాని బదులు చీలికలు పెట్టిన రబ్బరు కడ్డీని వాడి అదే పని చేయించింది. ఒకే యూరోపియన్ పేటెంటు, ఒకే వస్తువు. జర్మనీ కోర్టు ఉల్లంఘన అంది, బ్రిటన్ కోర్టు కాదంది. అందుకే మా ప్రధాన క్లెయిమ్‌లో "నాలుకను కిటికీ నుంచి దూరంగా నెట్టే స్థితిస్థాపక అంగం" అని రాసి, చుట్ల స్ప్రింగు, బద్ద స్ప్రింగు, రబ్బరు దిమ్మె అన్నవాటిని కింది స్థాయి క్లెయిమ్‌లలో విడివిడిగా పెట్టాం.

దానికంటే పెద్ద నిర్ణయం మరొకటి ఉంది. క్లెయిమ్ దేని మీద: నిచ్చెన మీదా, పాదం మీదా? ఆవిష్కర్త మనసులో ఉన్నది కొత్త రకం నిచ్చెన. కానీ మేం గోప్యత ఒప్పందంతో మాట్లాడిన నిచ్చెనల అద్దె వ్యాపారులూ, పెద్ద కాంట్రాక్టర్లూ అందరూ ఒకే మాట చెప్పారు: ఉన్న నిచ్చెనలు పారేసి కొత్తవి కొనం, ఉన్నవాటికి బిగించుకునేది ఉంటే చెప్పండి. అంటే అమ్ముడుపోయే వస్తువు విడి పాదం. ప్రధాన క్లెయిమ్ "నిలువు కమ్మీలూ మెట్లూ పాదమూ కలిగిన నిచ్చెన" అని మొదలైతే, విడి పాదం చేసి అమ్మే పోటీదారు ఆ క్లెయిమ్‌లోని అన్ని అంశాలనూ తయారుచేయడం లేదు. నేరుగా ఉల్లంఘించేది దాన్ని బిగించుకునే వాడకందారు అవుతాడు. తన కొనుగోలుదారుల మీద దావా వేయాలని ఏ వ్యాపారీ కోరుకోడు. అందుకని మొదటి క్లెయిమ్ "నిచ్చెన కమ్మీకి బిగించదగిన పాదపు సాధనం" మీద, నిచ్చెనతో కలిపి ఉన్నది వేరే క్లెయిమ్‌గా రాశాం. మార్కెట్ సంగతి ముందు తెలుసుకోకుండా క్లెయిమ్ రాస్తే ఈ తేడా కళ్ల ముందే ఉండి కూడా కనబడదు.

నాలుక కొనను గట్టిపరిచే వేడి శుద్ధి పద్ధతిని మాత్రం పత్రంలో పెట్టలేదు. సాధనం పనిచేయడానికి ఆ పద్ధతే అక్కర్లేదు, మామూలుగా తెలిసిన పద్ధతులు చాలు. ఆవిష్కర్త పద్ధతి మన్నికను పెంచుతుంది. అమ్మిన వస్తువును విప్పి చూసినా ఆ రహస్యం తెలియదు, పోటీదారు వాడినా మనం పట్టుకోలేం. అలాంటిది వాణిజ్య రహస్యంగా ఉంచుకోవడమే మేలు. విప్పగానే కనబడే కిటికీల్లాంటివి పేటెంటులో ఉండాలి.

పరీక్షాధికారి అభ్యంతరం

ఊహించినట్టే పేటెంటు కార్యాలయం నుంచి అభ్యంతరం వచ్చింది. బరువుతో బిగుసుకునే నిచ్చెన కాలు ఒక పత్రంలో ఉంది; సగం దూరం జరిపిన రెండు నాలుకలు ఒక రాచెట్ (ఒకవైపే కదలనిచ్చే) పనిముట్టు పత్రంలో ఉన్నాయి; రెండింటినీ కలపడం ఆ రంగంలో నైపుణ్యం ఉన్నవారికి తోచే విషయమేనని పరీక్షాధికారి రాశారు. తెలిసిన అంశాలు తమ మామూలు పని తాము చేసుకుపోతూ కలిసి ఉన్నంత మాత్రాన అది ఆవిష్కరణ కాదన్న ధోరణి 2007లో అమెరికా సుప్రీంకోర్టు కేఎస్ఆర్ తీర్పు తర్వాత మరింత బలపడింది, కాబట్టి ఆ వాదన తేలికైనది కాదు.

మా జవాబు పరీక్షల పుస్తకం నుంచి వచ్చింది. రెండు నాలుకలను మామూలు పళ్ల పట్టీతో కలిపినప్పుడు మట్టి చేరాక రెండూ పైపైనే ఆనుకుని ఆగిన ఫోటోలు, కొలతలు జతచేశాం. రెండు పాత పత్రాలను కలిపితే వచ్చేది సరిగ్గా ఆ విఫలమైన అమరికే. ఆరపార కిటికీలతో, ఏటవాలు కొనతో కలిసినప్పుడే రెండు నాలుకలు మట్టిలో పనిచేస్తాయి, పట్టు అరకొరగా ఉండిపోయే అవకాశం అప్పుడే పోతుంది. ఆ సమస్యను గానీ ఆ ఫలితాన్ని గానీ ఏ పత్రమూ సూచించలేదు. ఏటవాలు కొన అంశాన్ని కింది క్లెయిమ్ నుంచి ప్రధాన క్లెయిమ్‌లోకి ఎక్కించాం. హక్కు కొంత కుదించుకుంది. అయితే కుదింపుకు ఒప్పుకునే ముందు ఆ అంశాన్ని వదిలేసి పోటీదారు అమ్మగలడా అని చూసుకున్నాం. వదిలేస్తే బురదలో జారే పాదం మిగులుతుంది. దాన్ని కొనేవారు లేరు. ఆ లెక్కతో సవరణకు ఒప్పుకున్నాం, పేటెంటు మంజూరైంది.

వస్తువు రూపాన్ని కాపాడే డిజైన్ నమోదు విషయంలో 2016లో బ్రిటన్ సుప్రీంకోర్టు ట్రంకీ అనే పిల్లల సూట్‌కేసు కేసులో ఇచ్చిన తీర్పును దృష్టిలో పెట్టుకున్నాం. అక్కడ దాఖలు చేసిన బొమ్మల్లోని రంగు తేడాలు హక్కు పరిధిని కుదించాయి. మేం నీడలూ రంగులూ లేని గీతల బొమ్మలే ఇచ్చాం. ట్రేడ్‌మార్కు పనిలో చెప్పుకోదగ్గ విశేషం లేదు.

అమ్మడం కోసం

పేటెంటు ఇతరులను ఆపే హక్కును ఇస్తుంది. మనం తయారుచేసుకోవచ్చన్న అనుమతిని ఇవ్వదు. వెతుకులాటలో కనబడిన పత్రాల్లో, తన బరువుతో జారే కాలును విస్తృతంగా క్లెయిమ్ చేసిన పేటెంటు ఒకటి కొన్ని దేశాల్లో ఇంకా గడువులో ఉన్నట్టు కనిపించింది. దేశాల వారీగా అధికారిక రిజిస్టర్లు చూస్తే పునరుద్ధరణ రుసుము కట్టనందున అది చాలాచోట్ల రద్దయిపోయింది. బతికి ఉన్న చోట అది తీరేదాకా అమ్మకం మొదలుపెట్టకూడదని నిర్ణయించాం. తయారీదారులు లైసెన్స్ మాటలు మొదలుపెట్టగానే అడిగే మొదటి కాగితాల్లో, ఇతరుల పేటెంట్లు అడ్డం వస్తాయా అన్నది చూపే ఈ నివేదిక ఒకటి. రెండోది బలపరీక్షల ధ్రువీకరణ. యూరప్‌లో నిచ్చెనలకు వర్తించే ఈఎన్ 131 ప్రమాణం గరిష్ఠ మొత్తం బరువును 150 కిలోలుగా తీసుకుంటుంది. పాదం దాన్ని దెబ్బతీయదని బయటి ప్రయోగశాల చెప్పాలి, మన మాట చెల్లదు.

సొంతంగా తయారుచేయాలా, లైసెన్స్ ఇవ్వాలా అన్నదానికి పేటెంటు సహకార ఒడంబడిక ఇచ్చే వ్యవధిని వాడుకున్నాం. ఆ మార్గంలో ఒక అంతర్జాతీయ దరఖాస్తు పెడితే, ప్రయారిటీ తేదీ (మొదటి దరఖాస్తు తేదీ) నుంచి సాధారణంగా 30 నెలల దాకా దేశాల వారీ ఖర్చులను వాయిదా వేయవచ్చు. అనువాదాలూ, స్థానిక రుసుములూ భారంగా మీద పడేది ఆ తర్వాతే. ఈలోగా లైసెన్స్ తీసుకునేవారు దొరికితే ఆ ఖర్చు వారే భరిస్తారు. ఈ కేసులో అలాగే జరిగింది: అచ్చులూ, పంపిణీ వ్యవస్థా ఉన్న తయారీదారు ముందుకు వచ్చారు, దేశాల ఎంపిక వారితో కలిసి చేశాం. నిచ్చెనలు ఎక్కువగా తయారయ్యే దేశాలూ, ఎక్కువగా అమ్ముడయ్యే దేశాలూ ఎంచుకుని మిగతావి వదిలేశాం. తయారయ్యే చోటే ఆపగలిగితే ప్రతి మార్కెట్‌లోనూ తరమనక్కర్లేదు.

ఒప్పందంలో రాయల్టీ శాతం మీద కంటే మూడు షరతుల మీద ఎక్కువసేపు మాట్లాడాం. ఏటా కనీస రాయల్టీ ఉండాలి, లేకపోతే ప్రత్యేక హక్కు తీసుకుని వస్తువును అటకెక్కించే ప్రమాదం ఉంది. శాతం లెక్కకట్టే నికర అమ్మకం అంటే ఏమేం తీసేయవచ్చో పేరుపేరునా రాయాలి, ఖాతాలు తనిఖీ చేసే హక్కు ఉండాలి. తయారీదారు చేసే మెరుగుదలల మీద ఆవిష్కర్తకు ఏ హక్కు ఉంటుందో ముందే తేలాలి.

రాయల్టీ ఎన్నాళ్లన్నది చివరిగా తేలింది. పేటెంటు గడువు దాఖలు తేదీ నుంచి 20 ఏళ్లు. ఒకే శాతాన్ని గడువు లేకుండా రాసుకుంటే ఏమవుతుందో ఆవిష్కర్త కింబుల్‌కూ మార్వెల్ సంస్థకూ మధ్య నడిచిన వ్యాజ్యంలో చూశాం. స్పైడర్‌మ్యాన్ సాలెగూడు చిమ్మే బొమ్మ మీద ఉన్న పేటెంటు విషయంలో ఇద్దరూ ముగింపు తేదీ లేని 3 శాతం రాయల్టీకి రాజీపడ్డారు. పేటెంటు 2010లో తీరిపోయింది. ఆ తర్వాతి కాలానికి రాయల్టీ చెల్లించనక్కర్లేదని 2015లో అమెరికా సుప్రీంకోర్టు, 1964 నాటి తన పాత తీర్పునే నిలబెడుతూ, చెప్పింది. అందుకని మా ఒప్పందంలో పేటెంటుకు ఒక శాతం, వేడి శుద్ధి పరిజ్ఞానానికి ఒక శాతం, ట్రేడ్‌మార్కుకు ఒక శాతం విడివిడిగా రాశాం. ఏ దేశంలో పేటెంటు తీరితే ఆ దేశంలో పేటెంటు భాగం ఆగిపోతుంది, మిగతా రెండూ కొనసాగుతాయి. మెషినిస్టు వాటా మొదట రాసిన కాగితంలో పేటెంటు రాయల్టీకే పరిమితమై ఉంది. ఆవిష్కర్త దాన్ని తనంతట తానే మూడు భాగాలకూ వర్తింపజేస్తూ సవరించి సంతకం చేశారు.